నిర్ణయము లేని నింద

మన ప్రైవేటు పాఠశాలలలో ఒక యాచారము చాలకాలముగా వేళ్లూని యున్నది. ఒక యుపాధ్యాయునిపై నేదో ఆరోపణ వచ్చును. యాజమాన్యమువారు విచారణ ప్రారంభింతురు. లేదా ప్రారంభించినట్లు ప్రకటింతురు. వారము దినములు గడవకముందే యాయనను గదిలోనికి పిలిచి, తలుపు దగ్గఱగా వేసి, "మాస్టారూ, మీరే రాజీనామా వ్రాసి యిచ్చి వెళ్లుడు. మేము కాగితముమీద నేమియు పెట్టము. మీ పరువు మీకు దక్కును, మా పరువు మాకు దక్కును" అని మెత్తగా చెప్పుదురు. ఆయన వ్రాసి యిచ్చును. విచారణ యక్కడితో నిలిచిపోవును. "సొంత కారణములచేత విరమించుకొనిరి" అను నొక్క వాక్యము దస్త్రములో చేరును. ఇంతటితో నందఱికిని మేలు జరిగినదని వారి నమ్మకము.

ఇందువలన మేలు పొందినవా రొక్కరును లేరని నా వాదము. ఆ యుపాధ్యాయుడు నిర్దోషియైనచో నాతనికిది జీవితాంతము విడువని మచ్చ. దోషియైనచో నాతనిచేత బాధపడినవారి కిది రెండవ యన్యాయము. రేపు మఱియొక యూరిలో నాతని తరగతిలో కూర్చుండబోవు పిల్లల కిది ముందుగా చేసి పెట్టిన ద్రోహము. దయయను పేర జరుగుచున్న యీ బేరమును మాని, మొదలు పెట్టిన ప్రతి విచారణను నిర్ణయము వఱకు నడపవలయును. ఉద్యోగము విడిచిపోయినను నడపవలయును.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారమునకు నాలుగు పాదములని చెప్పిరి. యాజ్ఞవల్క్యుడు వానిని వివరించినాడు. అభియోగము మొదటిది, దానికి ప్రతివాది యిచ్చు నుత్తరము రెండవది, సాక్ష్యములచేతను లేఖ్యములచేతను నిరూపించుట మూడవది, నిర్ణయము నాలుగవది. నేటి శాసనములును నీ మార్గమునే పట్టినవి. అభియోగము తెలుపక, సమాధానము చెప్పుకొనుటకు తగిన యవకాశ మీయక ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదని మన రాజ్యాంగము 311వ యధికరణమున విధించినది. ప్రైవేటు పాఠశాలల యుపాధ్యాయులకును ఇట్టి రక్షణ లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1982లో వచ్చిన విద్యాచట్టము, విచారణ జరుపక వారిని తొలగింపరాదనియే చెప్పుచున్నది. కావున చట్టమున లోపము లేదు. చట్టమును తప్పించుకొను దొడ్డిదారి యొకటి యున్నది. దాని పేరు రాజీనామా. తొలగించినగదా విచారణ కావలయును? తానే పోయినవాని కేమి విచారణ? ఈ యుపాయముచేత మొదటి పాదము మాత్రము నేలపై నిలిచి, తక్కిన మూడును గాలిలో కలిసిపోవుచున్నవి. అభియోగ మొక్కటియే మిగులును. అది యొంటికాలిమీద నూరూర తిరుగును.

"దుష్ప్రవర్తన" యను నొక్క మాట క్రింద నెన్ని వేర్వేఱు విషయములు దాగియున్నవో గృహస్థులు యోచింపవలయును. మూడు నెలల జీతము బాకీ పడగా పదిమందిలో నడిగినవా డొకడు. కరస్పాండెంటుగారి బంధువుల బిడ్డకు మార్కులు కలుపనన్నవా డొకడు. ఫీజు సొమ్ములో చేయి పెట్టినవా డొకడు. పిల్లవానిని వాతలు తేలునట్లు కొట్టి, బాలల యుచిత నిర్బంధ విద్యకై 2009లో చేసిన చట్టమును కాలదన్నినవా డొకడు. బాలికపై చేయి వేసిన నీచు డొకడు. ఈ యైదుగురును నొకే ద్వారమునుండి, యొకే వాక్యము చేతబట్టుకొని వెలుపలికి వచ్చుచున్నారు. మొదటి యిద్దఱిది నేరమే కాదు. మూడవవానిది సొమ్ముతో తీరు నపరాధము. నాలుగవవాడు శిక్షకును, దిద్దుబాటునకును తగినవాడు. అయిదవవాడు తిరిగి పిల్లల మధ్యకు రాదగనివాడు. వీరిని వేఱుచేసి చూపగలది నిర్ణయ మొక్కటియే. నిర్ణయము లేనిచో లోకము వీరి నందఱిని నొకే గాటను కట్టివేయును. మొదటివాడు అయిదవవానితో సమానమై తల వంచుకొని తిరుగును. అయిదవవాడు మొదటివాని మాటలను వల్లించి, "యాజమాన్యముతో సరిపడక మానితిని" అని తల యెత్తుకొని తిరుగును.

ఇట్లు వెలుపలికి వచ్చిన నిర్దోషి క్రొత్త యుద్యోగమునకై తిరుగునప్పటి యవస్థ యెట్టిదో చూడుడు. నియామక సమయమున పుచ్చుకొన్న యసలు సర్టిఫికెట్లను కొన్ని సంస్థలు తమ బీరువాలలోనే యుంచుకొనును. వానిని తిరిగి యిచ్చుట కిదిగో యదిగో యని త్రిప్పును. అనుభవ పత్రము నడిగిన నదియు నంతే. ఎట్లో పత్రములు సంపాదించుకొని మఱియొక బడికి పోయి డెమో పాఠము చెప్పును. పాఠము బాగున్నదందురు. పిమ్మట, "అక్కడ నేల మానితిరి?" అని యడుగుదురు. ఆయన యేమి చెప్పినను, సాయంకాలమునకు క్రొత్త హెడ్మాస్టరు పాత హెడ్మాస్టరునకు ఫోను చేయును. "ఆయన సంగతి మమ్మడుగకండి" యని యటునుండి సమాధానము. నేరము చెప్పలేదు, నేరము లేదనియు చెప్పలేదు. ఆ మాటతో నుద్యోగము పోయినది. విక్టర్ హ్యూగో నవలలో చెఱ విడిచి వచ్చిన జీన్ వాల్జీన్ పసుపుపచ్చని ప్రయాణపత్రమును చేతబట్టుకొని పోయిన చోటనెల్ల తలుపులు మూసివేసిరి. ఆతడు శిక్ష పడినవాడు. తన పత్రమున నేమి వ్రాసియున్నదో యెఱిగినవాడు. మన యుపాధ్యాయునకు శిక్షయు పడలేదు, పత్రమును కనబడదు. కనబడని పత్రమునకు జవాబు చెప్పుట యెట్లు?

న్యాయస్థానమునకు పోరాదా యందురేమో. పోవుటకు చేత నొక యుత్తరువైన నుండవలయును గదా! కోలారు బంగారు గనుల భద్రతాధికారి యొకని కథ యిందుకు నిదర్శనము. 1985లో నాతని యింట సోదా జరిగినది. బంగారము దొరికినదని పోలీసులు కేసు పెట్టిరి. సంస్థవారు నాతనిని సస్పెండు చేసి తామును విచారణ ప్రారంభించిరి. జీవనభృతి యీయలేదు. కేరళలోని యింటనుండి విచారణ స్థలమునకు వచ్చుటకు నాతని కడ డబ్బు లేదు. ఆతడు లేకుండగనే విచారణ ముగించి 1986లో నుద్యోగమునుండి తొలగించిరి. 1987లో క్రిమినలు కోర్టు, సోదాయు బంగారము దొరకుటయు ఋజువు కాలేదని చెప్పి నిర్దోషిగా విడిచినది. సుప్రీంకోర్టు ఆతని పక్షమున తీర్పు చెప్పి యుద్యోగము నిలిపినది 1999లో. భృతి యీయక, రాలేనివానిని రాలేదనుట న్యాయము కాదని యా తీర్పు. పదునాలుగేండ్ల కష్టమే యైనను నాతని కొక్క బలముండెను: సవాలు చేయుటకు తొలగింపు టుత్తరువు కలదు. ఆతడు భయపడి 1985లోనే రాజీనామా వ్రాసియున్నచో నేమి చూపి కోర్టు మెట్లెక్కియుండును? పైగా, ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదముల చట్టమున చెప్పిన "కార్మికుడు" కాడని 1988లోనే సుప్రీంకోర్టు నిర్ణయించినది. మిల్లు కూలీకి తెఱచియుండిన ద్వారమొకటి మాకట్లు మూతపడినది. అట్టివానిచేత రాజీనామా వ్రాయించుటయనగా చేతిలోని యొక్క కఱ్ఱను గూడ లాగికొనుటయే.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని మన పెద్దలు తీర్పు చెప్పివేయుదురు. ఈ సామెతవలన పాడయిన కాపురము లెన్నో! తర్కసంగ్రహము చదువుకొన్న బాలునకును తెలియును: పొగనుబట్టి నిప్పు నూహింపవచ్చును, కాని, కనబడునది పొగయే యని ముందుగా తేలవలయును. పొగమంచును, నీటియావిరిని, దారిలో లేచిన దుమ్మును చూచి కొండపై నిప్పున్నదనుట హేతువే లేని యూహ. ఎవరో యన్న మాట, దానిని మోసిన రెండవ నోరు, దానికి చిలువలు పలువలు చేర్చిన మూడవ నోరు, ఇవి దుమ్ము. పంచతంత్రమున నైదవ తంత్రమునకు అపరీక్షితకారక మని పేరు. పామును చంపి పసిబిడ్డను కాపాడిన ముంగిసను, మూతినున్న నెత్తురు మాత్రము చూచి చంపివేసిన యిల్లాలి కథ యందున్నది. మన పాఠశాలలు ముంగిసను చంపుటతో నాగుటలేదు. పామును బుట్టలోపెట్టి, మూత వేసి, మర్యాదగా పొరుగింటికి పంపుచున్నవి.

ఈ రెండవ పాపమే మొదటిదానికన్న ఘోరమైనది. లైంగిక నేరములనుండి బాలలను రక్షించుటకై 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలయును. తన చేతిక్రింది యుద్యోగి చేసిన నేరమును తెలుపని సంస్థాధికారికి ఒక సంవత్సరము వఱకు జైలుశిక్షయు, జరిమానాయు కలవు. కావున, "మేము కాగితముమీద నేమియు పెట్టము" అను మాట యట్టిచోట దయ కాదు, నేరము. ఇక స్త్రీల మాట. పనిచేయుచోట స్త్రీలపై లైంగిక వేధింపులను గూర్చి 2013లో చేసిన చట్టము, పదిమందియు నంతకు మించియు పనిచేయుచోట అంతర్గత సంఘ ముండవలెననియు, లేనిచోట జిల్లాలోని స్థానిక సంఘము ఫిర్యాదు వినవలెననియు, విచారణ తొంబది దినములలో ముగియవలెననియు చెప్పినది. ఋజువు కానంతమాత్రమున ఫిర్యాదు అబద్ధమని యెంచరాదనియు నందే యున్నది. ఆచరణలో నేమగుచున్నది? ఆయన రాజీనామాతో సంఘమువారు కాగితములు మూసివేయుదురు. ఆమె చెప్పినది నిజమో కాదో యెవరును చెప్పరు. ఆయనకు మఱియొక పట్టణమున నుద్యోగము దొరకును. "ఒక మగవాని పొట్ట కొట్టినది" అను పేరు ఆమెకు మిగులును. నిర్ణయము లేనిచోట ఫిర్యాదు చేసినవారును నింద మోయుదురు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రము 2014లో నొక శాసనము చేసినది. పిల్లల మధ్య పనిచేయుటకు వచ్చువారిని నియమించుటకు ముందు, వారిపై దౌర్జన్యమును గాని లైంగిక దుష్ప్రవర్తనను గాని గూర్చిన విచారణ యెన్నడైన జరిగినదా, విచారణ నడుచుచుండగా వైదొలగిరా యని పాత యజమానులను వ్రాతమూలకముగా నడుగవలయును, వారును చెప్పవలయును. అట్టి విచారణను కప్పిపుచ్చుటకు ఒడంబడికలు చేసికొనరాదు. విచారణలో నారోపణ యబద్ధమని తేలినయెడల మాత్రము దానిని దస్త్రమునుండి తీసివేయవచ్చును. ఇందలి న్యాయమును గమనింపుడు. దాచుట కూడదన్న శాసనమే, అబద్ధమని తేలినదానిని తుడిచివేయుటకును వీలు కల్పించినది. రెండింటికిని మూలము విచారణ ముగియుటయే.

"సంస్థ గౌరవము పోవును గదా" యని యాజమాన్యము లనును. ఏ గౌరవము? ఊరిలో ప్రతి యరుగుమీదను చెప్పుకొనుచున్న సంగతిని దస్త్రమున వ్రాయనంత మాత్రమున గౌరవము నిలుచునా? విచారించి తేల్చినవారని పేరు పొందిన బడికి తల్లిదండ్రులు ధైర్యముగా పిల్లలను పంపుదురు. "పోయినవానిని విచారించుట యెట్లు?" అని మఱియొక యాక్షేపణ. ప్రభుత్వోద్యోగి పదవీవిరమణ చేసినను, అంతకుముందే మొదలైన విచారణను ముగింపు వఱకు నడపుటకు పింఛను నియమములు వీలిచ్చుచునే యున్నవి. ప్రభుత్వమునకు సాధ్యమైనది నలువది మంది పనిచేయు బడికి సాధ్యము కాదా? నోటీసు పంపుడు, వచ్చిన వినుడు, రాకున్న నున్న సాక్ష్యమును బట్టి, ఆయన రాలేదని వ్రాసి, తేల్చుడు. "పాపము, భార్యాబిడ్డలు కలవాడు, పొట్ట కొట్టనేల?" అనువారు కొందఱు. నిర్దోషియైన భార్యాబిడ్డలు కలవానిని అనుమానపు గోతిలో త్రోయుటయు పొట్ట కొట్టుటయే. ఈ జాలి యొక్క యసలు పేరు సోమరితనము.

ఉద్యోగము వెదకుచున్న సోదరునితో కూడ రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇంకను రాజీనామా వ్రాయనివాడవైతే, గదిలో నడిగిన క్షణమున వ్రాయకుము. అభియోగమును వ్రాసి యిమ్మని యడుగుము. జవాబును వ్రాసి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొనుము. నియామకపు టుత్తరువును, జీతపు చీట్లను, నీ తరగతుల ఫలితములను భద్రపఱచుకొనుము. వ్రాసియే వచ్చితివేని, పోయినచోట అబద్ధమాడకుము. అడిగినప్పుడు, "నాపై ఫలానా యారోపణ వచ్చినది, విచారణ ముగియకముందే మానితిని, నే నిచ్చిన జవాబు ప్రతి యిదిగో" అని మూడు మాటలలో చెప్పి యూరకుండుము. పాత యజమానిని తిట్టకుము, కన్నీరు పెట్టకుము. ఉద్యోగపు దరఖాస్తులలో క్రిమినలు కేసులను దాచుటనుగూర్చి 2016లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పున నొక సూక్ష్మము కలదు. ఉన్న దున్నట్లు చెప్పినవానిని నియమించుటయు మానుటయు యజమాని విచక్షణకు చెందినవి. దాచినవానికి మాత్రము, దాచుటయే వేఱొక దోషమై, వచ్చిన యుద్యోగము నూడదీయగలదు. ఆ తీర్పు కేసులను గూర్చినదైనను, నీతి యంతటను నొక్కటియే. నిజము చెప్పి పది చోట్ల తిరస్కారము పొందినవాడు పదునొకండవచోట నిర్భయముగా పనిచేయును. దాచి చేరినవాడు ఫోను మ్రోగినప్పుడెల్ల ఉలికిపడును.

నియమించువారికిని ధర్మము కలదు. ఫోనులో దగ్గును, మౌనమును సాక్ష్యముగా గ్రహింపరాదు. ఆరోపణ యేమి? ఆయన కది తెలిపిరా? ఆయన జవాబేమి? తేల్చినదేమి? ఈ నాలుగును వ్రాతమూలకముగా నడుగుడు. జవాబు రానియెడల, పిల్లల రక్షణకు సంబంధించిన యారోపణ యేమైన నున్నదాయని తప్పక నిర్ధారించుకొనుడు. మిగిలిన విషయములలో అభ్యర్థిని మీ కన్నులతోనే పరీక్షింపుడు. తప్పు చేసి శిక్ష యనుభవించిన వానికిని బ్రదుకు లేదనరాదు. మన కేంద్రప్రభుత్వ సేవానియమములలో, 1965 నాటివానియందు, రెండు శిక్షలు వేఱుగా చెప్పబడినవి. ఒకటి ముందు నియామకమునకు అడ్డురాని తొలగింపు. రెండవది సాధారణముగా అడ్డువచ్చు బర్తరఫు. అనగా, ఉద్యోగము పోవుట వేఱు, ఉద్యోగార్హత పోవుట వేఱని ప్రభుత్వమే యంగీకరించినది. ఫీజు పుస్తకమున తప్పు చేసినవానిని డబ్బు ముట్టని పనిలో పెట్టవచ్చును. పిల్లలపై నత్యాచారము చేసినవానిని పిల్లల దరికి చేర్చరాదు. ఈ తారతమ్యమును పాటించుటకును ముందుగా తప్పేదో తెలియవలయును గదా!

చదువరులైన గృహస్థులారా, ఈ విషయము మేష్టర్లకును కరస్పాండెంట్లకును మాత్రమే సంబంధించినదని విడువకుడు. మీ వీథిలో నద్దెకు దిగిన క్రొత్త మాస్టారిని గూర్చి, "అక్కడ నేదో జరిగినదట" అని మీ చెవిని వేసినవారిని, "ఏమి జరిగినది? ఎవరు తేల్చిరి?" అని యడుగుడు. చెప్పలేనిచో నా మాటను మీ యింటనే చంపివేయుడు. మీ బిడ్డ చదువు బడిలో నుపాధ్యాయు డొకడు నడుమ సంవత్సరమున మాయమైనచో, తల్లిదండ్రుల సమావేశమున లేచి నిలిచి, "ఆయనపై విచారణ జరిగినదా? ముగిసినదా?" అని యడుగుడు. పేరు చెప్పనక్కఱలేదు, వివరములు చెప్పనక్కఱలేదు. ముగిసినదా లేదా యని చెప్పిన చాలును. ఫీజు చెల్లించుచున్న మీ రడిగిననాడు యాజమాన్యములు జవాబు వెదకుకొనును. మీరడుగనంత కాలము తలుపు దగ్గఱగా వేసిన గదులలో నీ బేరములు సాగుచునే యుండును. ప్రతి బేరమునను వెల చెల్లించునది ఆ గదిలో లేనివారే.